ఇరవై రూపాయల సీసాలో కెఫీన్ లెక్క

హైదరాబాద్‌లో ఏ గల్లీకి వెళ్లినా కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో, కళ్లకు ఎదురుగా ఉండే అరలో ఎనర్జీ డ్రింక్ సీసాలు కనిపిస్తాయి. పదిహేనేళ్ల కిందట ఇలా లేదు. అప్పట్లో ఎనర్జీ డ్రింక్ అంటే సూపర్ మార్కెట్లలో, పబ్బుల్లో దొరికే సన్నటి క్యాన్. వంద రూపాయల చిల్లర పెట్టి కొనేవాళ్లు తక్కువ, పిల్లలైతే దాని జోలికే పోయేవాళ్లు కాదు. 2017లో పెప్సీకో సంస్థ స్టింగ్‌ను మన దేశంలోకి తెచ్చింది. ఆ తర్వాత 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా 20 రూపాయలకు దొరకడం మొదలయ్యాక మొత్తం లెక్క మారిపోయింది. పోటీ కంపెనీలూ అదే ధర దగ్గరికి దిగొచ్చాయి. ఖరీదైన క్యాన్‌తో పోలిస్తే ధర ఐదారు రెట్లు తగ్గింది. లోపలున్న కెఫీన్ మాత్రం దాదాపు అంతే ఉంది.

పన్ను తక్కువ కాబట్టి చవగ్గా వస్తోందా అంటే అదీ కాదు. కెఫీన్ కలిపిన పానీయాల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన 12 శాతం సెస్ ఉండేవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ కలిపి నేరుగా 40 శాతం చేశారు. అంత పన్ను కట్టి కూడా 20 రూపాయలకు అమ్మగలుగుతున్నారంటే లోపల ఉన్న సరుకు ఖరీదెంతో ఊహించుకోవచ్చు. నీళ్లు, చక్కెర, ఆమ్లం, రంగు, కెఫీన్, టారిన్ అనే అమైనో ఆమ్లం కాస్త, కొన్ని బి విటమిన్లు. అంతే.

ఈ పానీయం పుట్టింది శ్రమ చేసేవాళ్ల మధ్యే. 1970లలో థాయిలాండ్‌లో లారీ డ్రైవర్లు, కూలీలు నిద్ర ఆపుకోవడానికి తాగిన క్రాటింగ్ డేంగ్ దీనికి మూలం. దాన్నే మార్చి 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్ పేరుతో అమ్మారు. కార్ రేసులు, పార్టీలు, విమానాల విన్యాసాల చుట్టూ తిరిగి తిరిగి ఇప్పుడది మళ్లీ క్యాబ్ డ్రైవర్ల దగ్గరికి, డెలివరీ కుర్రాళ్ల దగ్గరికి, పూత మేస్త్రీల దగ్గరికి వచ్చింది. వీళ్లతో పాటు కొత్తగా చేరినవాళ్లు బడి పిల్లలు.

సోషల్ మీడియాలో ఎనర్జీ డ్రింక్‌ను విషంలా చూపించే వీడియోలకు కొదవ లేదు. అవి చెప్పినంత భయంకరమైనది కాదిది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి ఒక సీసా తాగితే కొంపలేమీ మునగవు. ఎవరు తాగుతున్నారు, ఏ వేళకు తాగుతున్నారు, రోజుకు ఎన్ని, దేనితో కలిపి అన్న దగ్గరే అసలు సంగతి ఉంది. హైదరాబాద్‌లో ఈ నాలుగింటికీ వచ్చే జవాబులు అంత బాగాలేవు.

మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల ప్రకారం వీటి అసలు పేరు కెఫినేటెడ్ బెవరేజ్. లీటరుకు కనీసం 145, గరిష్ఠంగా 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండాలి. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాములకు మించదు. ఎక్కువ బ్రాండ్లు ఈ పై హద్దుకు దగ్గర్లోనే ఉంటాయి. పోల్చి చూడాలంటే మన ఊళ్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూడొచ్చు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని అందులో ఉంది. రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములు దాటొద్దనీ చెప్పింది.

మరి ఒక సీసా అంటే ఒక కాఫీయే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెండు తేడాలున్నాయి. కాఫీ వేడిగా ఉంటుంది, చేదుగా ఉంటుంది, ఊదుకుంటూ తాగాలి. ఇది చల్లగా, తియ్యగా ఉండి రెండు గుక్కల్లో దిగిపోతుంది, దాహమేస్తే ఇంకోటి తాగాలనిపిస్తుంది. రెండోది, దీన్ని కాఫీకి బదులుగా తాగేవాళ్లు అరుదు. ఉన్న చాయ్‌లు ఉండగానే పైన ఇది చేరుతుంది. పొద్దున ఇంట్లో కాఫీ వంద మిల్లీగ్రాములు అనుకుందాం. ఆఫీసులో మూడు టీలు కలిపి సుమారు నూట ఇరవై. సాయంత్రం, రాత్రి రెండు సీసాలు నూట యాభై. 370 అయింది. మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు, గచ్చిబౌలిలో రిలీజ్ టెన్షన్‌లో ఉన్న టీమ్‌కు ఇదేమీ అసాధారణమైన రోజు కాదు. ఇరానీ కేఫ్‌లో కప్పు చిన్నది కాబట్టి ఒక్కో చాయ్‌కి ఐదో పదో తగ్గించుకున్నా మొత్తం హద్దు దాటే ఉంటుంది.

కెఫీన్ ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది వెళ్లి తనకు తగిన గ్రాహకాలకు, అంటే సంకేతాలు అందుకునే చోట్లకు, అంటుకుంటే నిద్రమత్తు వస్తుంది. కెఫీన్ ఆకారం అడినోసిన్‌ను పోలి ఉండటంతో ఆ చోట్లను ముందే ఆక్రమిస్తుంది, కానీ మత్తు కలిగించదు. అలసట సంకేతం ఆగుతుంది, అలసట ఆగదు. పెట్రోల్ ముల్లును చేత్తో పైకి జరిపితే ట్యాంకు నిండదు కదా, ఇదీ అంతే. అడినోసిన్ వెనకాల పేరుకుంటూనే ఉంటుంది. కెఫీన్ ప్రభావం దిగాక అదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి రెండో సీసా.

తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో కెఫీన్ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత అందులో సగం ఖర్చవడానికి పెద్దవాళ్లలో సగటున ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి రెండు సీసాలు తాగిన మనిషి ఒంట్లో తెల్లవారుజామున రెండింటికి ఇంకా ఒక సీసా కెఫీన్ మిగిలే ఉంటుంది. అందరికీ ఈ ఐదు గంటల లెక్క వర్తించదు. కెఫీన్‌ను కరిగించే ఎంజైమ్ కాలేయంలో ఉంటుంది, అది ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో పనిచేస్తుంది. సిగరెట్ తాగేవాళ్లలో చురుగ్గా, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో బాగా నెమ్మదిగా నడుస్తుంది. కడుపు చెడిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆ మాత్ర వేసుకున్న రోజున ఒక సీసా రెండు సీసాల పెట్టు అవుతుంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనడం మామూలైపోయిన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

నిద్ర దగ్గర జరిగే నష్టం పైకి కనిపించదు, అందుకే ఎక్కువమంది పట్టించుకోరు. 2013లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూశారు. నిద్ర గంటకు పైగా తగ్గింది. చిత్రమేమిటంటే అంత నిద్ర తగ్గిందన్న సంగతి తాగినవాళ్లకే సరిగ్గా తెలియలేదు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లకు, హాస్టళ్లలో ఉండి నీట్‌కు, జేఈఈకి సిద్ధమవుతున్న పిల్లలకు ఇక్కడే పెద్ద దెబ్బ తగులుతుంది. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. రాత్రి రెండు గంటలు అదనంగా చదవడానికి తాగిన సీసా, ఆ చదివినదాన్ని నిలబెట్టే నిద్రను తినేస్తుంది. మర్నాడు క్లాసులో తూగుతారు కాబట్టి మధ్యాహ్నం మరొకటి. పరీక్షల సీజన్ అంతా ఇలా గడిపి, ఏకాగ్రత కుదరడం లేదని, చెయ్యి వణుకుతోందని, గుండె దడగా ఉందని కంగారు పడతారు. అదంతా పరీక్ష టెన్షన్ ఖాతాలో వేసుకుంటారు. కెఫీన్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలు, ఆందోళన లక్షణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు నుంచీ ఆందోళన సమస్య ఉన్నవాళ్లకు ఇది మరీ ఇబ్బంది.

పిల్లల విషయంలో లెక్క శరీర బరువును బట్టి వేయాలి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు ఒక్క విడతలో 200, రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదు. గర్భిణులకు రోజుకు 200. పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు. ఇదేమీ కఠినమైన హద్దు కాదు. ఎన్‌ఐఎన్ పెద్దలకు పెట్టిన 300తో పోలిస్తే యూరప్ వాళ్లదే కాస్త వదులు. అయినా దీనితోనే లెక్క వేసి చూద్దాం. పాతిక కిలోల బరువున్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి 75 మిల్లీగ్రాములు, అంటే ఒక్క సీసాతో రోజు కోటా పూర్తి. పొద్దున ఇంట్లో చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని వచ్చిన పిల్లవాడైతే అప్పటికే దాటిపోయాడు. ముప్పై కిలోల అమ్మాయి స్కూల్ వదిలాక ఒకటి, ట్యూషన్‌కు వెళ్తూ ఒకటి తాగితే 150. ఆమె హద్దు 90. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అయితే 2011లోనే పిల్లలు, కౌమారదశలోని వాళ్ల ఆహారంలో ఎనర్జీ డ్రింక్స్‌కు అసలు చోటే లేదని తేల్చి చెప్పింది.

ఇక్కడి చట్టం ఏమంటుందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కెఫీన్ ఎక్కువని, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివాళ్లకు తగదని, రోజుకు 500 మిల్లీలీటర్లు మించి తాగొద్దని సీసా మీద రాయాలి. రాస్తున్నారు కూడా. సీసాను తిప్పి, వంపు దగ్గర ఉన్న సన్నని ఇంగ్లిష్ అక్షరాలను వెతికి చదివితే కనిపిస్తుంది. తెలుగులో ఉండదు. పిల్లలకు తగదని రాయాల్సిందే గానీ పిల్లలకు అమ్మకూడదని దేశమంతటికీ వర్తించే నిబంధన మాత్రం లేదు. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న ఆహారం అమ్మొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో అపార్ట్‌మెంట్ల మధ్య నడిచే బడి గేటు నుంచి 50 మీటర్లు కొలిస్తే మధ్యలో ఎన్ని కొట్లు వస్తాయో ఆ వీధిలో తిరిగేవాళ్లకు తెలుసు. లిథువేనియా 2014లోనే పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మకం ఆపింది. లాట్వియా 2016లో, పోలండ్ 2024 జనవరి నుంచి అదే దారి పట్టాయి. పదహారేళ్ల లోపు వాళ్లకు అమ్మకం ఆపే ఆలోచనను బ్రిటన్ 2025లో ప్రజల ముందు పెట్టింది. లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఆ ప్రతిపాదన వర్తిస్తుంది. మన సీసాలు దానికి రెట్టింపు దాకా ఉంటాయి.

గుండె సంగతికి వస్తే భయపెట్టే కథలు ఎక్కువ, గట్టి ఆధారాలు కొన్నే. ఉన్నవాటిలో 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పుకోదగ్గది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు 34 మందికి ఎనర్జీ డ్రింక్ సుమారు 950 మిల్లీలీటర్లు గంటలోపు తాగించారు. నాలుగు గంటల తర్వాత ఈసీజీలో క్యూటీ అనే విరామం 6 నుంచి 7.7 మిల్లీసెకన్లు పెరిగింది, బీపీ కూడా పెరిగింది. ప్రతి కొట్టుకోవడం తర్వాత గుండె కింది గదులు మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని ఈ విరామం చూపిస్తుంది. అది మరీ సాగితే గుండె లయ తప్పే అవకాశం ఉంది. ఆరేడు మిల్లీసెకన్లు మామూలు గుండెకు లెక్కలోకి రావు. పుట్టుకతోనే ఈ విరామం ఎక్కువున్న వాళ్లుంటారు, వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు. చిక్కు వాళ్లతోనే. మయో క్లినిక్ వైద్యులు ఇలాంటి జన్యు సమస్యలుండి గుండె ఆగిపోయి బతికి బయటపడ్డ 144 మంది వివరాలు పరిశీలించి 2024లో ప్రచురించారు. వారిలో ఏడుగురు ఆ ఘటనకు కాస్త ముందు ఎనర్జీ డ్రింక్ తాగారు. అదే కారణమని వాళ్లు అనలేదు. నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, ఇతర మందులు కూడా తోడైన సందర్భాలున్నాయి. ఈ మూడూ ఎనర్జీ డ్రింక్ తాగేవాళ్ల జీవితంలో మామూలుగా ఉండేవేనన్నది గమనించాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, తాగిన తర్వాత కళ్లు తిరిగి పడిపోయినా, ఒకసారి ఈసీజీ తీయించుకునే దాకా దీని జోలికి పోకపోవడం మంచిది. జిమ్‌కు వెళ్లే ముందు ప్రీ-వర్కౌట్ పొడి కలుపుకునేవాళ్లు డబ్బా మీద కెఫీన్ ఎంతుందో చూసుకోవాలి. వాటిలో కొన్నింటిలో ఒక్క స్కూపులోనే రెండు మూడు సీసాల కెఫీన్ ఉంటుంది. దాని పైన క్యాన్ తాగి ట్రెడ్‌మిల్ ఎక్కడం అనవసరమైన సాహసం.

అతిగా తాగితే ఏమవుతుందో వైద్య పత్రికల్లో నమోదైన కేసులు చెబుతాయి. రోజుకు నాలుగు అరలీటరు క్యాన్లు రెండేళ్లు తాగిన 21 ఏళ్ల బ్రిటన్ విద్యార్థికి గుండె విఫలమైంది. మూడు వారాల పాటు రోజుకు నాలుగైదు తాగిన యాభై ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడికి కాలేయం వాచింది. ఎక్కువ మోతాదులో చేరిన బి3 విటమిన్ కారణం కావచ్చని వైద్యులు అనుమానించారు. విటమిన్ కదా, ఎంతైనా మంచిదేలే అనుకునేవాళ్లు ఈ రెండో కేసును గుర్తుపెట్టుకోవాలి. ఇక టారిన్‌ను ఎద్దు నుంచి తీస్తారన్న ప్రచారంలో నిజం లేదు. 1827లో తొలిసారి ఎద్దు పైత్యరసంలో కనుక్కున్నారు గానీ ఇప్పుడు వాడేది ఫ్యాక్టరీలో తయారైందే. ఇందులో ఉన్న మోతాదులో దానివల్ల హాని ఉందనడానికి ఆధారాలు పెద్దగా లేవు.

చక్కెర కూడా బ్రాండును బట్టి మారుతుంది. క్యాన్‌లో వంద మిల్లీలీటర్లకు 11 గ్రాముల దాకా, అంటే 250 మిల్లీలీటర్ల ఒక్క క్యాన్‌లో 27 గ్రాములు ఉంటుంది. ఎన్‌ఐఎన్ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 20 నుంచి 25 గ్రాములే. షుగర్ ఫ్రీ రకంలో చక్కెర పోతుంది, కెఫీన్ అలాగే ఉంటుంది, పుల్లదనమూ ఉంటుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. పంటి పింగాణీ కరగడం మొదలయ్యేది పీహెచ్ 5.5 దగ్గరైతే ఈ పానీయాలు మూడున్నర దగ్గర ఉంటాయి.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు మరో రకం వాడకం మొదలవుతుంది. నీరసంగా ఉందని, ఎండదెబ్బ తగిలేలా ఉందని చల్లటి ఎనర్జీ డ్రింక్ తాగేస్తారు. సైట్లలో పనిచేసేవాళ్లు, మధ్యాహ్నం బైకు మీద ఆర్డర్లు తిప్పేవాళ్లు నీళ్లకు బదులు ఇదే తాగుతున్నారు. 2019లో అమెరికాలో 12 మంది ఆరోగ్యవంతులను వేడి గదిలో నాలుగు గంటలు శ్రమ చేయించి, మధ్యమధ్య చక్కెర, కెఫీన్ ఉన్న కూల్ డ్రింక్ తాగించారు. మరోసారి అదే శ్రమకు నీళ్లిచ్చారు. కూల్ డ్రింక్ తాగిన రోజున ఒంట్లో నీటి లోటు అలాగే ఉండటమే కాక, మూత్రపిండాల మీద ఒత్తిడిని చూపే గుర్తులు కూడా పెరిగాయి. చిన్న అధ్యయనమే, కానీ మన వేసవికి సరిగ్గా సరిపోతుంది.

విరేచనాలతోనో చెమటతోనో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవ్వాల్సింది ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అందులో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. తియ్యటి ఎనర్జీ డ్రింక్‌లో చక్కెర దానికి ఎనిమిది రెట్లు. అంత చిక్కటి ద్రావణం విరేచనాలను తగ్గించకపోగా పెంచుతుంది. పేరు చూసి మోసపోవడం ఎంత తేలికో హైదరాబాద్‌కు బాగా తెలుసు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు అమ్ముతున్నారని ఈ నగరానికే చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది. విరేచనాలతో నీరసించిన పిల్లలకైనా, ఎండలో చెమటోడ్చినవాళ్లకైనా ఎనర్జీ డ్రింక్ పనికిరాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్, అది లేకపోతే ఉప్పేసిన మజ్జిగ, రాగి అంబలి, ఉప్పూ చక్కెరా కొద్దిగా వేసిన నిమ్మకాయ నీళ్లు ఇవ్వాలి.

దీన్ని మద్యంలో కలుపుకునే అలవాటు పబ్బుల నుంచి రూముల్లోకి పాకింది. కెఫీన్ వల్ల మత్తు ఎక్కనట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆల్కహాల్ మాత్రం ఒక్క చుక్క తగ్గదు. బాగానే ఉన్నానన్న ధీమాతో ఇంకా తాగుతారు, బండి తీస్తారు. డ్రంక్ అండ్ డ్రైవ్ హద్దు వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. తాగినవాడికి హుషారుగా ఉందా లేదా అన్నది ఆ మెషీన్‌కు అనవసరం. ఆల్కహాల్‌లో కెఫీన్ కలిపి అమ్మిన నాలుగు కంపెనీలకు అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరికలు పంపింది.

తాగని డ్రైవర్లకూ ఒక మాట. ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రి కునుకు వస్తుంటే సీసా తాగేసి అలాగే పోవడం ప్రమాదం, ఎందుకంటే అది పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది. బండి సురక్షితమైన చోట ఆపి, కాఫీయో టీయో తాగి, వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీస్తే రెండూ కలిసి మెరుగ్గా పనిచేస్తాయని బ్రిటన్‌లో డ్రైవింగ్ సిమ్యులేటర్ల మీద జరిపిన పరీక్షల్లో తేలింది. అయినా నిద్ర ఆగకపోతే ఆ రాత్రికి డ్రైవింగ్ మానుకోవాల్సిందే.

రోజూ మూడు నాలుగు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి, చిరాకు, మబ్బుగా ఉండటం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో తీవ్రమై, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల లోపు సర్దుకుంటాయి. ఆ తలనొప్పికి భయపడే చాలామంది మళ్లీ కొట్టు దగ్గరికి వెళ్తారు. అందుకని రెండు మూడు రోజులకు ఒక సీసా చొప్పున తగ్గించుకుంటూ రావడం తేలిక. ముందుగా వదిలేయాల్సింది సాయంత్రం తర్వాత తాగే సీసాను. మానేస్తున్న రోజుల్లో తలనొప్పి మాత్ర కొనేటప్పుడు దాని అట్ట కూడా చూసుకోవాలి. కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది.